బలం ఊరికే వస్తే కథ ఎక్కడుంటుంది? మన కార్టూన్ సీరియళ్ల మీద నా అభ్యంతరం

కొర్లగుంట_కార్టూనోడు (తిరుపతి) · శనివారం రాత్రి 9:12

ముప్పై దాటినా నేను కార్టూన్లు చూడటం మానలేదు. మానే ఉద్దేశమూ లేదు. కాబట్టి ఇది అభిమానిగానే రాస్తున్నాను. ఛోటా భీమ్‌ని తిట్టడానికి థ్రెడ్ పెట్టాడని ఎవరూ అనుకోవద్దు. 2008లో పోగోలో అది మొదలైనప్పుడు, హైదరాబాదులో గీసిన బొమ్మ దేశమంతా ఆడుతోందని గర్వపడినవాణ్ణి. రాజీవ్ చిలక, గ్రీన్ గోల్డ్ వాళ్లు చేసింది చిన్న పని కాదు. అంతకుముందు టీవీ కార్టూన్లలో పంచె కట్టుకున్న పిల్లోడు హీరోగా కనపడింది ఎంత తక్కువో మీకు తెలుసు.

ఈ మధ్య మా అక్క కొడుకుతో కూర్చుని వరసగా చాలా ఎపిసోడ్లు చూశాను. ఢోలక్‌పూర్‌కి ఆపద వస్తుంది. భీమ్ కాసేపు వెనక్కి తగ్గుతాడు. స్నేహితురాలు చుట్కీ లడ్డు విసురుతుంది. అది నోట్లో పడగానే కండలు పొంగుతాయి, దొంగ గాల్లోకి లేచిపోతాడు. రాజా ఇంద్రవర్మ మెచ్చుకుంటాడు, అయిపోయింది. ఇందులో భీమ్‌కి పోయిందేమిటి? దెబ్బ లేదు, భయం లేదు, తను తీసుకున్న నిర్ణయానికి తర్వాత బాధపడేది లేదు. బలం డబ్బాలో ఉంది, కావాల్సినప్పుడు తీసి తినడమే.

చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్లకి భీముడంటే ఎవరో టీవీ చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా నాటకం. అర్జునుడికి పాశుపతాస్త్రం కావాలంటే ఆ వేషగాడు నిలువెత్తు మాను మీద మెట్టు మెట్టుకీ పద్యం పాడుతూ ఎక్కాలి. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద పడుకుని ఉంటారు. ఆయన పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం కొంగు పట్టుకుంటారు. ఆఖరి రోజు మైదానం నిండా మట్టి దుర్యోధనుడు. భీముడు గద పట్టుకుని పొద్దున్నుంచీ ఎండలో తిరుగుతాడు. తొడ మీద గద పడేదాకా ద్రౌపది జుట్టు ముడి వేసుకోదు. ఆ భీముడి బలం వెనక సభలో చేసిన శపథం ఉంది, పదమూడేళ్లు మింగిన అవమానం ఉంది.

మన కథల్లో బలం ఎప్పుడూ ఊరికే రాలేదు. కర్ణుడికి శాపాలు, అర్జునుడికి తపస్సు, హనుమంతుడికైతే తన బలం తనకే గుర్తులేకపోవడం. ఇంత ఆస్తి చేతిలో పెట్టుకుని, పేరు మాత్రం భీముడిది తీసుకుని, ఆ పేరుకి ఉన్న బరువు వదిలేశాం. ఇదీ నా అభ్యంతరం. బొమ్మ నాణ్యత గురించి కాదు, బడ్జెట్ గురించి కాదు.

దీనికి ఎదురుగా జాకీ చాన్ అడ్వెంచర్స్ పెట్టి చూడండి. 2000 నుంచి 2005 దాకా 95 ఎపిసోడ్లు వచ్చిన సీరియల్. పిల్లలదే, జోకులే ఎక్కువ. అయినా జాకీకి గోడ గుద్దుకుంటే చెయ్యి నొప్పి పుడుతుంది, దులుపుకుంటూ పరిగెడతాడు. మొదటి సీజన్లో డార్క్ హ్యాండ్ ముఠాలో ఉన్న టోరూ, వాళ్లు మోసం చేశాక ఇటువైపు వచ్చి, పాత సామాన్ల కొట్టు నడిపే జాకీ వాళ్ల అంకుల్ దగ్గర శిష్యుడవుతాడు. అంత పెద్ద శరీరం ఆ చిన్న కొట్లో కప్పులు పగలకుండా ఒదిగి నడుస్తుంటుంది, అంకుల్ తిడుతుంటాడు. ఒకప్పుడు జాకీని గిరాటేసిన మనిషి ఇతనే అని చూసే పిల్లోడికి గుర్తుంటుంది. సీరియల్‌కీ గుర్తుంటుంది.

మీ మాటేమిటో చెప్పండి. ఒప్పుకోనివాళ్లు ముందు రాయండి.

---

నగరి_రెండుభాషలు · శనివారం రాత్రి 9:50

అన్నా, జాకీ చాన్ పేరెత్తి నిద్ర చెడగొట్టావు. మా నగరిలో కేబుల్‌లో రెండూ వచ్చేవి. చుట్టి టీవీ 2007లో మొదలైంది, మన ఖుషీ టీవీ 2009లో. అంటే జాకీని మేం ముందు అరవంలో చూసి, తర్వాత తెలుగులో మళ్లీ చూశాం. ఇంట్లో తెలుగు, బడి దాటితే రెండూ కాబట్టి ఏదైనా సరే.

నువ్వు రాయనిది ఒకటి చెప్తాను. అరవంలో జాకీ, అంకుల్ మాట్లాడుతుంటే తిరుత్తణి బస్టాండులో ఇద్దరు పోట్లాడుకున్నట్టే ఉండేది. కోపం, వెటకారం, ఊపిరి తీసుకునే చోటు, అన్నీ మనుషులవే. తెలుగులో అదే సీను చూస్తే అందరూ పాఠం అప్పజెప్పినట్టు నిదానంగా, శుభ్రంగా మాట్లాడేవాళ్లు. దొంగ, పోలీసు, చిన్నపిల్ల అందరిదీ ఒకే పలుకు. ఈ రోజుకీ పిల్లల ఛానెళ్ల తెలుగు అంతే ఉంది. మోటు పత్లులో ఫుర్‌ఫురీ నగర్ ఊరంతా ఒకే బడిలో చదువుకుని వచ్చినట్టు మాట్లాడతారు.

నువ్వు కథలో బరువు లేదంటున్నావు. గొంతులో మనిషి లేకపోతే కథలో ఎంత బరువు పెట్టినా మాకు అందదు.

---

సైయన్_చిత్తూరు · శనివారం రాత్రి 10:31

నేను ఒప్పుకోను. పిలిచావు కాబట్టి వచ్చాను.

టామ్ అండ్ జెర్రీలో గెలుపుకి ఎవరైనా కట్టే వెల ఏముంది? ఇస్త్రీపెట్టె ముఖాన పడితే ముఖం ఇస్త్రీపెట్టె ఆకారంలోకి వస్తుంది, మరుసటి షాట్‌లో మామూలే. 1940లో మొదలైంది, ఏడు ఆస్కార్లు తెచ్చుకుంది, మా తాత కూడా నవ్వేవాడు. ప్రతి ఎపిసోడూ మొదటికి రావడం తప్పయితే ముందు దాన్ని తీసేయాలి.

ఇంకోటి. చిన్నపిల్లోడికి సాయంత్రం బడి నుంచి వచ్చాక కావాల్సింది భీమ్ గెలవడం. వాడికి పొద్దున్నుంచీ బడిలో టెన్షనే కదా. సాయంత్రం కూడా శపథాలు, శాపాలు ఎందుకు?

వెల గురించే మాట్లాడాలంటే డ్రాగన్ బాల్ జీ చూడు. 291 ఎపిసోడ్లలో ఇంకా బలమైన ఒక్కో రూపం కోసం హీరో గోకూ ఒళ్లు ఎంత హూనం చేసుకున్నాడో లెక్కలేదు.

---

కొర్లగుంట_కార్టూనోడు · శనివారం రాత్రి 11:05

సైయన్ తమ్ముడూ, టామ్ అండ్ జెర్రీ మాట బాగుంది. కానీ అది మనకు ఇస్తానన్నది ఏమిటి? వెంటపడటం, తప్పించుకోవడం, దానికి తగ్గ సంగీతం. ఊరికి ఆపద అని అది ఎప్పుడూ చెప్పలేదు. జెర్రీ ప్రాణం పోతుందని మనం భయపడం, భయపడమని అదీ అడగదు. ఛోటా భీమ్ అడుగుతుంది. రాజ్యం పోతుందంటుంది, స్నేహితుల్ని బంధిస్తుంది, ఉరుముల సంగీతం పెడుతుంది. అంత భయం చూపించి, ఒక్క లడ్డుతో తుడిచేస్తుంది. భయం అప్పు తీసుకుని తీర్చకుండా పోవడం నాకు నచ్చదు.

ఎపిసోడ్ మొదటికి రావడం మీద నాకు గొడవ లేదు. డోరేమాన్ చూడు, ప్రతి కథా మొదటికే వస్తుంది. అయినా నోబిత అనే పిల్లోడు డోరేమాన్ దగ్గర తీసుకున్న వస్తువు ఆ కాసేపటిలోనే వాడి నెత్తి మీదికి వస్తుంది. సోమరితనంతో అడిగాడు, అత్యాశతో వాడాడు, చివరికి ఏడుస్తూ ఇంటికి పరిగెత్తాడు. వెల అక్కడికక్కడే కట్టాడు. మళ్లీ రేపు అదే తప్పు చేస్తాడు, అది వేరే సంగతి, పిల్లలెవరైనా అంతే.

డ్రాగన్ బాల్ జీలో కష్టం ఉందని ఒప్పుకుంటాను. కానీ అందులో చావుకే విలువ పోయింది. నమెక్ గ్రహంలో స్నేహితుడు క్రిలిన్ చనిపోయినప్పుడు గోకూ ఎందుకు సూపర్ సైయన్ అయ్యాడు? క్రిలిన్ ముందే ఒకసారి చచ్చి బతికాడు, కోరికలు తీర్చే భూమి మీది డ్రాగన్ బంతులతో మళ్లీ బతికించలేం. ఆ నిమిషంలో నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత నమెక్ బంతులతో అతన్నీ తెచ్చేశారు. ఆ తర్వాత ఎవరు చచ్చినా నేను వాచీ చూసుకునేవాణ్ణి.

---

సైయన్_చిత్తూరు · శనివారం రాత్రి 11:22

వెజీటా సంగతి చూడు, గోకూతో పోటీపడే యోధుడు. మాజిన్ బూ అనే రాక్షసుడి ముందు. కొడుకు చిన్న ట్రంక్స్‌ని పుట్టినప్పటి నుంచీ ఎప్పుడూ దగ్గరికి తీసుకోని మనిషి, ఆ ఒక్కసారి దగ్గరికి తీసుకుంటాడు. గోకూ చచ్చాక పోయిన చోటికి నువ్వు పోవు అని పికోలో ముఖం మీదే చెప్తాడు. తెలిసే పేలిపోతాడు. బూ చావలేదు కూడా. తర్వాత వెజీటా బతికి వచ్చాడు, నిజమే. అయితే ఆ నిమిషంలో వెజీటాకి అది తెలీదు కదన్నా. వెల కట్టింది వాడు, తిరిగిచ్చింది కథ రాసినోడు. రెండూ ఒకటే అని ఎట్ల అంటావు?

---

కొర్లగుంట_కార్టూనోడు · శనివారం రాత్రి 11:30

ఇది మంచి దెబ్బ. వెజీటా విషయంలో నీతో వాదించను, ఆ సీను నాకూ ప్రాణం. గోకూ విషయంలో మాత్రం వదలను.

---

వేదిక_నిర్వాహకులు · ఆదివారం ఉదయం 7:40

పాత సీరియళ్లయినా చూడనివాళ్లు ఉంటారు. ముగింపులు రాసేటప్పుడు ముందు ఒక మాట హెచ్చరించండి. చర్చ బాగుంది, కొనసాగించండి.

---

ఫ్రేమ్_24 (సొంతూరు తిరుపతి, ఉద్యోగం హైదరాబాద్) · ఆదివారం ఉదయం 10:15

ఈ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి లోపలి సంగతి కొంత చెప్తాను. నేను పని చేసిన చోట్ల పేర్లు అడగొద్దు.

కార్టూనోడన్నా, నువ్వడిగే బరువు రచయితలకు తెలీక కాదు. టీవీ ఛానెల్ ఎపిసోడ్లు కొనేది వరసగా ఒక్కసారి వేయడానికి కాదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు, సెలవుల్లో రోజంతా, ఏ వరసలోనైనా వేసుకుంటారు. ముప్పయ్యో ఎపిసోడ్ తర్వాత నాలుగోది పడొచ్చు. అందుకని స్టోరీ మీటింగులో మొట్టమొదటి షరతు: ఏ ఎపిసోడూ ఇంకోదాని మీద ఆధారపడకూడదు. భీమ్ చేతికి దెబ్బ తగిలి కట్టు ఉందనుకో, తర్వాత పడే ఎపిసోడ్‌లో కట్టు లేకపోతే పిల్లోడు అడుగుతాడు. కాబట్టి దెబ్బే తగలనివ్వం. ఇలా ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే మిగిలేది లడ్డు.

ఇంకోటి లెక్క. సినిమా నడిచేది సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు. 11 నిమిషాల ఎపిసోడ్‌ని చేత్తో గీయాలంటే 7,920 బొమ్మలు, 22 నిమిషాలదైతే 15,840. అంత గీసే టైమూ డబ్బూ మన టీవీ సీరియల్‌కి ఎవరూ ఇవ్వరు. అందుకే రిగ్ వాడతాం. తల, మెడ, భుజం, మోచెయ్యి, అరచెయ్యి, పెదాల ఆకారాలు అన్నీ విడివిడి ముక్కలుగా చేసి కీళ్ల దగ్గర కలుపుతాం. నడక ఒకసారి చేసి లైబ్రరీలో పెడితే ఆ నడకే వంద ఎపిసోడ్లకి. నవ్వు అంతే, పరుగు అంతే. మీరు చూసే భీమ్ పరుగుని ఏ ఆనిమేటరూ ఆ రోజు కొత్తగా చేసి ఉండడు.

నాకు బాధ ఎక్కడంటే, ఆ లైబ్రరీలో ఏడుపు సరిగ్గా ఉండదు. నేనొకసారి తండ్రి పోయిన పిల్లవాడి సీను చేయాల్సి వచ్చింది. రిగ్‌లో ఉన్న ఏడుపు పెద్ద పెద్ద కన్నీళ్లు ఫౌంటెన్‌లా పోసే కామెడీ ఏడుపు. కొత్తగా కింది పెదవి వణికేది ఒకటి గీస్తానంటే షెడ్యూల్ లేదన్నారు. చివరికి పిల్లవాణ్ణి వెనక నుంచి చూపించాం. అక్కడ అది పని చేసింది కూడా. ఎప్పుడూ వెనక నుంచి చూపించలేం కదా.

---

కలంకారి_గీత (శ్రీకాళహస్తి) · ఆదివారం మధ్యాహ్నం 12:48

ఫ్రేమ్ గారూ, మీరు చెప్పిన రిగ్ చదువుతుంటే తోలుబొమ్మ గుర్తొచ్చింది. తల వేరు, నడుము వేరు, చేతులు కీళ్ల దగ్గర దారంతో కట్టి ఉంటాయి. ముఖం ఒక్కటే, మారదు. అయినా తెర వెనక ఆయన గొంతు మార్చి, బొమ్మని తెరకి ఆనించి, వెనక్కి లాగి, ఆ కదలని ముఖంతోనే సీతని ఏడిపిస్తాడు. కాబట్టి ముక్కలతో చేసినందువల్లే ప్రాణం పోయిందని నేను ఒప్పుకోలేను.

కథ గురించి మీరు మాట్లాడుకుంటున్నారు, నేను గీత గురించి అడుగుతాను. మన సీరియళ్లలో మన గీత ఏది? మా ఊళ్లో కలం అంటే వెదురుపుల్ల, కొసన గుడ్డ చుట్టి దారం బిగిస్తారు. బెల్లం, ఇనుము నానబెట్టిన కసిమిలో ముంచి, కరక్కాయ, గేదెపాలు పట్టించిన బట్ట మీద ఒక్క ఊపులో గీయాలి. చెరపడానికి లేదు. ఆ గీతలోనే కన్ను కోసుగా వస్తుంది, నడుము వంపు వస్తుంది. దేవుళ్లకి నీలం, స్త్రీలకి పసుపు, రాక్షసులకి ఎరుపు. మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ వరసలుగా చిన్న గళ్లలో కథ, కింద తెలుగులో రాత. ఒక్క రామాయణం బట్ట నిలబెట్టి చదివితే అదే ఒక సీరియల్.

2001లో గెండీ టార్టకోవ్‌స్కీ సమురాయ్ జాక్ చేసినప్పుడు పాత్రల చుట్టూ ఉండే నల్ల గీతని పూర్తిగా తీసేశాడు. రంగు ముక్కలే మనుషులు. నిమిషాల తరబడి మాట ఉండదు, గాలి, గడ్డి, కత్తి చప్పుడు. ఒక మనిషి ధైర్యం చేసి తన చూపు ఏమిటో నిర్ణయించుకున్నాడు. మనం అలా నిర్ణయించుకోలేదు. మన కార్టూన్లలో అడవి అంటే ఒకే ఆకుపచ్చ, కొండ అంటే మూడు త్రికోణాలు. రోజూ శేషాచలం చూసేదాన్ని, ఎర్రరాయి పొరలు పొరలుగా ఎలా ఉంటుందో తెలుసు, ఆ రంగు ఇంతవరకూ ఏ సీరియల్‌లోనూ చూడలేదు. కొండ గీసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

---

నగరి_రెండుభాషలు · ఆదివారం మధ్యాహ్నం 1:20

గీతక్కా, మీరు చెప్పిన తోలుబొమ్మాయన పనంతా గొంతులోనే ఉంది, గమనించారా. నేను నిన్న రాసింది అదే.

---

పుత్తూరు_టీచరమ్మ · ఆదివారం సాయంత్రం 5:02

ఒకటి నుంచి మూడో తరగతి దాకా పాఠాలు చెప్తాను. మీరంతా పెద్దవాళ్ల కళ్లతో చూస్తున్నారు.

ఐదేళ్లలోపు పిల్లలకి అదే కథ మళ్లీ మళ్లీ కావాలి. ఏం జరుగుతుందో ముందే తెలియడం వాళ్లకి ధైర్యం. ఆ వయసుకి భీమ్ తప్పేమీ కాదు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మైటీ లిటిల్ భీమ్ నాకు ఇంకా నచ్చింది. పాకే పిల్లవాడు, మాటల్లేవు, అన్నీ చేతలే. ఏ ఊరి పిల్లయినా చూడొచ్చు, నగరి తమ్ముడి భాష గొడవ కూడా ఉండదు.

నా ఫిర్యాదు వేరు. ఢోలక్‌పూర్‌లో టున్‌టున్ లడ్డూలు చేస్తుంది, కూతురు చుట్కీ సాయం చేస్తుంది, విసురుతుంది. తింటే బలం వస్తుందని తెలిసినా, చేసినవాళ్లకి ఆ బలం దక్కే మలుపు కథలో కనపడదు. మా రెండో తరగతిలో ఆడుకునేటప్పుడు ఒక పాప ఎప్పుడూ చుట్కీగానే ఉండేది. ఒకరోజు, మిస్, నేను కూడా తింటే ఏమవుతుంది అని అడిగింది. తిను అన్నాను. ఆ రోజు ఆటలో రాజు, కాలియా ఇద్దరినీ చింతచెట్టు దాకా తరిమింది. ఆ ఆలోచన సీరియల్‌లోంచి రావాల్సింది.

ఇక ఎనిమిదేళ్లు దాటిన వాళ్లకి కార్టూనోడు గారు అన్నది నిజం. బ్లూయీ అనే కుక్కపిల్ల కార్టూన్ చూశారా ఎవరైనా? ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ వాళ్లది, 2018లో మొదలైంది. ఎపిసోడ్ ఏడు నిమిషాలే. క్యాంపింగ్ అని ఒకటి ఉంది. బ్లూయీకి అడవిలో జాన్ లూక్ అనే పిల్లవాడు దొరుకుతాడు. వాడిది ఫ్రెంచి, దీనిది ఇంగ్లీషు. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా రోజంతా కలిసి ఆడతారు, విత్తనం నాటుతారు. ఒక పొద్దున చూస్తే వాడి డేరా లేదు, వెళ్లిపోయారు. బ్లూయీ ఏడుస్తుంది. అమ్మ ఏం చెప్పినా ఆ ఖాళీ అలాగే ఉంటుంది. తర్వాత ఏళ్లు గడుస్తాయి, మొక్క చెట్టవుతుంది, పెద్దదైన బ్లూయీ దాని కింద కూర్చుని ఉంటే ఒక గొంతు వినపడుతుంది. ఏడు నిమిషాల్లో కలవడం, పోగొట్టుకోవడం, ఎదగడం అన్నీ ఉన్నాయి. మా దగ్గర సగం మంది పిల్లలు ఇంట్లో తమిళం, బడిలో తెలుగు. ఈ ఎపిసోడ్ వాళ్లకి వివరించాల్సిన పని లేకపోయింది.

---

ఫ్రేమ్_24 · ఆదివారం సాయంత్రం 6:10

టీచరమ్మా, మీరు చెప్పిన బ్లూయీ కూడా రిగ్‌తో చేసిందే. సెల్‌యాక్షన్ 2డీ అనే సాఫ్ట్‌వేర్, ముక్కలు కలిపే పద్ధతే. గీత గారు తోలుబొమ్మతో చెప్పిన మాటకి ఇది ఇంకో సాక్ష్యం. తేడా ఏమిటంటే ఆ పిల్ల కూర్చున్నప్పుడు ఒళ్లు ఎలా జారవేస్తుంది, విసుగొస్తే చెవులు ఎలా వాలతాయి అన్నది వాళ్లు కూర్చుని ఆలోచించారు. ఆ ఆలోచించే వారం రోజులు మాకు దొరకవు. అడుగుతూనే ఉన్నాం.

ఇంకో మాట. ఛానెళ్ల వాళ్లకి భయం కూడా ఉంది. 1994 నాటి కేబుల్ టీవీ నియమాల్లోనే పిల్లల కార్యక్రమాల్లో చెడు భాష, హింస చూపకూడదని ఉంది. మంచి నియమమే. దాన్ని అడ్డం పెట్టుకుని ఏ బాధా చూపకూడదని లాగేవాళ్లు ఉన్నారు. జాన్ లూక్ వెళ్లిపోవడంలో హింస ఎక్కడుంది?

---

ఎస్వీయూ_హాస్టల్ · ఆదివారం రాత్రి 8:37

ఓటీటీ వచ్చాక ఫ్రేమన్న చెప్పిన వరస గొడవ పోయింది కదా. 2021లో హాట్‌స్టార్‌లో ద లెజెండ్ ఆఫ్ హనుమాన్ వచ్చింది. అదే ఏడు శ్రీరామనవమికి మన అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలమని టీటీడీ ప్రకటించింది, కర్ణాటక వాళ్లు కాదన్నారు. అందుకని మా హాస్టల్‌లో అందరూ పట్టుబట్టి చూశారు. బొమ్మ అద్భుతం, నూనెరంగుల చిత్రం కదిలినట్టు ఉంటుంది. హనుమంతుడు తన బలం మర్చిపోయి మామూలు వానరుడిలా ఉండటం దగ్గర మొదలుపెట్టారు. కార్టూనోడన్న అడిగే వెల అదే. నా ఇబ్బంది ఒక్కటే, వెనక నుంచి చెప్పే గొంతు ఆగదు. చూస్తున్నదాన్నే మళ్లీ చెప్తుంది. హనుమంతుడు బాధపడుతున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది, చెప్పడం ఎందుకు?

2025 సెప్టెంబరులో జపాన్ యానిమేషన్ సినిమా డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ తెలుగులో కూడా వచ్చినప్పుడు మా ఫ్లోర్ సగం ఖాళీ. మనవాళ్లు ఇంత సీరియస్ యానిమేషన్ చూడరని ఇంకెవరైనా అంటే నా దగ్గరికి పంపండి.

---

కొర్లగుంట_కార్టూనోడు · ఆదివారం రాత్రి 10:02

అందరికీ ఒక్కచోటే రాస్తాను. ఇందులో అవతార్ ద లాస్ట్ ఎయిర్‌బెండర్ ముగింపు సంగతులున్నాయి, చూడనివాళ్లు వదిలేయండి.

టీచరమ్మా, చిన్నపిల్లలకి తెలిసిన కథ ధైర్యమన్నారు. భారతం దగ్గర తల్లి ఒళ్లో కూర్చున్న మూడేళ్ల పిల్లకి కూడా దుర్యోధనుడు పడతాడని తెలుసు. తెలిసే చూస్తుంది. గెలుపు ముందే తెలియడం, గెలుపు ఊరికే రావడం ఒకటి కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాడు లడ్డు కళ్లకద్దుకుని తినే తీరు తిరుపతి వాళ్లం రోజూ చూస్తున్నాం. ఢోలక్‌పూర్ లడ్డుకి ముందు ఒక్క మెట్టు పెట్టమనే నేను అడిగేది. పాప అడిగిన ప్రశ్న మాత్రం ఎవరైనా రచయితకి చేరాలి, నా థ్రెడ్ మొత్తం కంటే అది గొప్పగా ఉంది.

ఫ్రేమ్, వరస లేకుండా వేస్తారన్న కారణం నాకు కొత్తగా తెలిసింది, థాంక్స్. దానికి డోరేమాన్ ఒక దారి చూపించింది. జాకీ చాన్ ఇంకో దారి: విడి కథలే, కానీ ఒక్కో సీజన్‌కి ఒక్కో వేట. తాయెత్తులు, తర్వాత దెయ్యాల ద్వారాలు, తర్వాత ఆ శక్తులు దూరిన జంతువులు, తర్వాత ఓనీ అనే దెయ్యాల మాస్కులు. ఎక్కడ చూసినా అర్థమవుతుంది, వరసగా చూస్తే ఇంకా అర్థమవుతుంది. అదీ టీవీ కోసం చేసిందే.

ఇక అవతార్. 2005 నుంచి 2008 దాకా 61 ఎపిసోడ్లు, మూడు భాగాలు. ఇది కూడా పిల్లల ఛానెల్లోనే వచ్చింది. జూకో అనే రాకుమారుడికి పదమూడేళ్లప్పుడు కన్నతండ్రే ముఖం కాల్చి దేశం నుంచి వెళ్లగొడతాడు. జూకో అంటే ప్రాణం పెట్టే ముసలాయన, పెదనాన్న ఐరో వెంట ఉంటాడు. రెండో భాగం చివర మంచి దారి పట్టే అవకాశం వస్తుంది. చూసేవాళ్లందరం ఇప్పుడు మారతాడనుకుంటాం. మారడు. పెదనాన్నని వదిలేసి చెల్లెలి పక్క చేరతాడు. ఐరోని సంకెళ్లేసి తీసుకుపోతారు. జూకో ఇంటికెళ్తాడు, తండ్రి మెచ్చుకుంటాడు, కోరుకున్నవన్నీ దొరుకుతాయి. నిద్ర పట్టదు. మూడో భాగంలో తండ్రికి ఎదురు నిలబడి చెప్పాల్సింది చెప్పి వచ్చేస్తాడు. కథానాయకుడు ఆంగ్ వాళ్ల దగ్గరికి పోతే వాళ్లు నమ్మరు, ఎందుకు నమ్ముతారు? ఒక్కొక్కరి నమ్మకం విడివిడిగా సంపాదించుకోవాల్సి వస్తుంది.

చివరికి పెదనాన్న డేరాలోకి వస్తాడు. ఆయన నిద్రపోతుంటే తెల్లారేదాకా పక్కనే కూర్చుంటాడు. లేచాక ఏడుస్తూ క్షమాపణ మొదలుపెడతాడు. మాట పూర్తి కాకముందే ఐరో భుజం పట్టి లాగి హత్తుకుంటాడు. నాకు కోపం రాలేదురా, నువ్వు దారి తప్పావేమోనని బాధపడ్డాను అంటాడు. ఆ కౌగిలింత కొన్ని క్షణాలే. దాని వెనక మూడు భాగాల కథ ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆంగ్ అగ్నిరాజుని, అంటే జూకో తండ్రిని, చంపకుండా గెలవాలి కాబట్టి చివర్లో సింహం తాబేలు వచ్చి కొత్త విద్య ఇచ్చిపోతుంది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అదొక లడ్డే. జూకో కథ పక్కన పెట్టి పోల్చి చూస్తే ఆంగ్ గెలుపు తేలిపోయింది అక్కడే.

---

కలంకారి_గీత · ఆదివారం రాత్రి 10:20

ఐరో ఒంటరిగా గుట్ట మీద చెట్టు కింద కొడుకు పటం పెట్టుకుని పాడే కథ కూడా అందులోదే కదా. దాన్ని ఐరోకి గొంతు ఇచ్చిన మాకోకి అంకితం చేశారు, ఆయన 2006లో పోయారు. నగరి తమ్ముడు చెప్పే గొంతు అంటే అది.

---

సైయన్_చిత్తూరు · ఆదివారం రాత్రి 10:41

సింహం తాబేలుని లడ్డు అన్నావు చూడు, అక్కడ నీ నిజాయితీ నాకు నచ్చింది. గోకూ మాట ఇంకోసారి తేల్చుకుందాం. మా అన్న కొడుక్కి తొమ్మిదేళ్లు, రేపటి నుంచి సెలవులు. అవతార్ మొదలుపెట్టించనా, జాకీ చాన్ మొదలుపెట్టించనా? మొదటి రెండు ఎపిసోడ్లు చూసి చిన్నపిల్లలదిలా ఉంది బాబాయ్ అంటాడని భయం.

---

కొర్లగుంట_కార్టూనోడు · ఆదివారం రాత్రి 10:55

అవతారే పెట్టు. మొదట్లో నిజంగానే చిన్నపిల్లలదిలా ఉంటుంది, పెంగ్విన్ల మీద జారుడు ఆటలూ అవీ. మొదటి భాగంలో 12వ ఎపిసోడ్, పేరు ద స్టార్మ్, అక్కడిదాకా ఎలాగోలా చూపించు. జూకో ముఖం మీద మచ్చ ఎలా వచ్చిందో, ఆంగ్ తన వాళ్లని వదిలేసి ఎందుకు పారిపోయాడో రెండూ ఒకే తుపానులో పక్కపక్కనే చెప్తారు. అది చూసినప్పుడు వాడి పక్కన కూర్చో, ఫోన్ చూడకు. ఆ తర్వాత నువ్వు చెప్పక్కర్లేదు, రిమోట్ వాడే తీసుకుంటాడు.